కోటుగుండీ మీద కోటబురుజు

ఒకటింబావు అంగుళము వ్యాసము గల ఇత్తడి బిళ్లమీద కవచధారిణియైన ఒక కన్య పక్కకు తిరిగి నిలిచియున్నది. భూతద్దము పట్టి చూచినచో ఆమె భుజకవచపు అతుకులు, కంఠమునకు చుట్టిన ఉక్కుపట్టీ మీది చీలల వరుస, నుదుటి మీద జాఱిన కురులు ఒక్కటొక్కటిగా తేలివచ్చును. సన్నసన్నని గీట్లతో దించిన వెనుకటి ఆకాశము నల్లబడి, బొమ్మలో ఎత్తైన భాగములు మాత్రము పసిమిచాయతో మెఱయుచుండును. బిళ్లను వెనుకకు త్రిప్పినచో తీగను వంచి చేసిన కొక్కెమొకటి, దానిచుట్టు అరిగిపోయిన ఫ్రెంచి అక్షరములు నాలుగైదు కనబడును. ఇది పతకము కాదు, నాణెము కాదు, దేవతాముద్రయు కాదు; నూఱేండ్లకు పూర్వము ఐరోపా నగరమేదో ఒకదానిలో ఒక స్త్రీ తన ఉన్నికోటుకు కుట్టించుకొన్న గుండీ. ఆ కన్య 1431వ సంవత్సరము మే 30వ తేదీన రువాన్ నగరపు అంగడివీథిలో సజీవదహనము చేయబడిన జోన్ ఆఫ్ ఆర్క్.

ఇటువంటి లోహపు బొమ్మగుండీలను, అందును మధ్యయుగపు ఇతివృత్తములు గలవానిని, ఏఱి, వర్గీకరించి, అట్టలపై తీర్చి దాచుకొనువారు అమెరికాలోను, ఇంగ్లండులోను, ఫ్రాన్సులోను పెక్కుమంది కలరు. తపాలాబిళ్లలను, నాణెములను సేకరించువారిని మనమెఱుగుదుము. గుండీలను సేకరించువాడనిన మనవారు ముందు నవ్వుదురు. నవ్వవచ్చును, కాని నాణెము మీది బొమ్మ ప్రభుత్వము వేయించినది, తపాలాబిళ్ల మీది బొమ్మయు ప్రభుత్వము వేయించినదే. గుండీ మీది బొమ్మ యన్ననో, దుకాణమునకు పోయి, పది రకములను ముందఱ పోయించుకొని, ఇదియే నాకు కావలెనని ఒక సామాన్యురాలు ఏఱుకొన్నది. ఒక కాలపు జనుల మనస్సులో ఏ వీరుడు, ఏ కోట, ఏ కథ కాపురముండెనో తెలిసికొనుటకు రాజముద్రకంటె ఈ బిళ్లయే నమ్మదగిన సాక్షి యని నా అభిప్రాయము. అయితే ఆ సాక్ష్యము దేనిని గూర్చినదో ముందుగా తేల్చుకొనవలెను. ఈ గుండీలలో మధ్యయుగము లేదు. మధ్యయుగమును కలగన్న పందొమ్మిదవ శతాబ్దము ఉన్నది.

అసలు మధ్యయుగపు గుండీ

నిజమునకు మధ్యయుగపు మానవుడు బొమ్మగుండీని ఎఱుగడు. రంధ్రములు తొలిచిన ఆలుచిప్ప బిళ్లలు సింధులోయ నగరములలో దొరికినవి గాని, అవి అలంకారమునకు కుట్టుకొన్నవే తప్ప బట్టను బిగించుటకు వాడినవి కావని పండితులు తలంతురు. గుండీని కాజాలో దూర్చి వస్త్రమును ఒంటికి అంటిపెట్టుకొనునట్లు బిగించు పద్ధతి ఐరోపాలో 13వ శతాబ్దమున గాని వ్యాపింపలేదు. పారిస్ నగరాధికారి ఎటియెన్ బ్వాలో 1268 ప్రాంతమున అచ్చటి వృత్తిసంఘముల కట్టుబాట్లను గ్రంథస్థము చేయించినప్పుడు గుండీలు చేయువారికిని అందు చోటు దొరకినది. ఇక్కడ ఓరుగంటిలో రుద్రమదేవి రాజ్యమునకు వచ్చిన తొలి సంవత్సరములవి. తరువాతి శతాబ్దమున గుండీ మీది వ్యామోహము ముదిరి, మోచేతినుండి మణికట్టుదాక బారులు తీర్చి కుట్టించుకొనువఱకు పోయినది. 1364లో ఓరే యుద్ధమున హతుడైన శార్ల్ ద బ్లువా ప్రభువుదని చెప్పబడు కుఱుచ అంగీ యొకటి లియోన్ నగరపు వస్త్రప్రదర్శనశాలలో నేటికిని భద్రముగా నున్నది. దాని ఱొమ్మున నిలువునా 30కి పైగా గుండీలు, చేతులకు మఱికొన్ని. పట్టువస్త్రమున బంగారు జరీతో సింహములు, గ్రద్దలు నేయబడినవి గాని, గుండీలు మాత్రము కొయ్యబిళ్లలకు గుడ్డ తొడిగిన సాదా గుండీలే.

లోహపు గుండీలు లేకపోలేదు. లండన్‌లో థేమ్స్ నది ఆటుకు తీసినప్పుడు బురదలో దొరకుచుండు ఆ కాలపు గుండీలు, తగరమును సీసమును కలిపి పోతపోసినవి, ఇంచుమించు శనగగింజంత యుండును. వానిపై చుక్కయో, గీతయో, రేకులు విప్పిన పువ్వో కనబడును గాని గుఱ్ఱపు రౌతు కనబడడు, రాణివాసపు స్త్రీ కనబడదు. అనగా అసలైన కవచధారి తన అంగీకి బోడి గుండీ పెట్టుకొనగా, ఆ కవచధారి బొమ్మ గల గుండీని అయిదువందల యేండ్ల తరువాత రైలుబండిలో ప్రయాణము చేయు స్త్రీ పెట్టుకొన్నది. బొమ్మగుండీల రహస్యమంతయు ఈ అయిదువందల యేండ్ల ఎడములో ఉన్నది.

పొగగొట్టముల నీడలో

బొగ్గుపొగతో ఆకాశము నల్లబడిన దినములలోనే ఐరోపావారికి కోటలమీద, కవచములమీద, వీరగాథలమీద అంతటి మక్కువ పుట్టుట కాకతాళీయము కాదు. వాల్టర్ స్కాట్ రచించిన ‘ఐవన్‌హో’ 1819 చివర వెలువడి రాచవీరుల కథలను పాఠకుల కందఱకు పంచిపెట్టినది. విక్టర్ హ్యూగో 1831లో పారిస్‌లోని నోత్ర్ దామ్ దేవళమునే నవలకు కేంద్రముగా చేసికొనగా, శిథిలమగుచున్న ఆ కట్టడమువైపు జనులు మరల తలయెత్తి చూచిరి. వియొలె-ల-ద్యుక్ అను వాస్తుశిల్పి పర్యవేక్షణమున ఇరువది సంవత్సరముల పునరుద్ధరణము దాని ఫలమే. 1834లో లండన్ పార్లమెంటు భవనము దగ్ధము కాగా, ఆవిరియంత్రముతో ప్రపంచమునకు మార్గము చూపిన దేశము తన క్రొత్త శాసనసభను గోథిక్ శైలిలో, అనగా తాతముత్తాతలకును తాతల నాటి శైలిలో, కట్టించుకొన్నది. బవేరియా రాజు రెండవ లుడ్విగ్ 1869లో పునాది వేయించిన నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటయు అంతే. బయటినుండి చూచువారికి బురుజులు, శిఖరములు, కొండకొమ్ము. లోపల వేడిగాలితో గదులను వెచ్చజేయు యంత్రము, మేడమీదికి కొళాయి నీరు.

ఈ వెఱ్ఱి పరాకాష్ఠ నందుకొన్న వినోదమొకటి 1839 ఆగస్టు నెలలో స్కాట్లండున జరిగినది. ఎగ్లింటన్ ప్రభువు పాతకాలపు అశ్వయుద్ధమును మరల కండ్లకు కట్టింపదలచి, యువప్రభువులకు కవచములు తొడిగించి, బల్లెములిప్పించి, డేరాలు వేయించి, దేశము నలుమూలల వారిని పిలిచెను. వేనవేలు జనులు వచ్చిరి. వారితోపాటు వానయు వచ్చినది. ఊరేగింపు కదలుటకును కుండపోత మొదలగుటకును సరిపోయినది. మైదానము చిత్తడియై గుఱ్ఱములు జాఱుచుండగా, ఆపాదమస్తకము ఉక్కు ధరించిన లండన్‌డెర్రీ ప్రభువు గొడుగు విప్పుకొనక తప్పలేదు. పత్రికలవారికి నెలల తరబడి హాస్యమునకు అదియే ముడిసరుకైనది. నాకు మాత్రము ఆ గొడుగు పట్టిన వీరుడే పందొమ్మిదవ శతాబ్దపు మధ్యయుగమునకు సత్యమైన ప్రతీకగా తోచును. అతని బొమ్మతో గుండీ యొకటి ఎవరైనను వేసియుండిన, దానికై నేను ఎంతయైనను ఇచ్చుకొందును.

అచ్చు, రేకు, ఒత్తు

కోట కట్టించుకొను స్తోమత రాజులకే కలదు. మేడలో కవచమును నిలువబెట్టుకొను స్తోమత ప్రభువులకు కలదు. దుకాణపు గుమాస్తా భార్యకు, బడిపంతులమ్మకు ఆ కలలో పాలు పంచిపెట్టినది ఇత్తడిరేకును ఒత్తు యంత్రము. బర్మింగ్‌హామ్ నగరము 18వ శతాబ్దమందే గుండీలకు పేరు పడినది; ఆవిరియంత్రపు చరిత్రలో జేమ్స్ వాట్ పక్కన వినవచ్చు మాథ్యూ బోల్టన్, తన సోహో కర్మాగారమున ఉక్కు గుండీలను చేయించినవాడే. కాని ఆ నాటి మంచి గుండీకి చేతిపని ఎక్కువ, వెల ఎక్కువ, కుట్టుకొనువారు పురుషులు. 1813లో బెంజమిన్ సాండర్స్ పొందిన పేటెంటుతో మార్గము మాఱినది. ముందుభాగమున కొక రేకు, వెనుకభాగమున కొక రేకు వేఱువేఱుగా కోసి, ముందటి దాని అంచును వెనుకటి దాని మీదికి మడిచి నొక్కినచో రెండును కరచుకొని ఒక్కటియగును. అతుకు లోహముతో పనిలేదు. లోపల బోలుగా నుండుటచే గుండీ పెద్దదైనను బరువు తక్కువ. ముందటి రేకు పలుచనిది గావున ఎంతటి సూక్ష్మమైన బొమ్మనైనను అచ్చు దానిపై దింపగలదు.

ఆ అచ్చు చెక్కుటయే అసలు కళ. మెత్తని ఉక్కు దిమ్మపై శిల్పి బొమ్మను లోతుగా, కుడి యెడమలు తాఱుమాఱుగా చెక్కవలెను. తరువాత దానిని కాల్చి, నీటిలో ముంచి గట్టిపఱచవలెను. ఒక్క పొరపాటు పడినచో వారముల పని వ్యర్థము. ఒకసారి అచ్చు కుదిరినదా, దాని క్రింద పడిన ప్రతి రేకును క్షణములో కోటయగును, రాణియగును, సింహమగును. తరువాత ఆమ్లములో కడిగి, పల్లములలో నలుపు పట్టించి, మిట్టలను మెఱుగు దిద్దుదురు. కొన్నిటికి గులాబి, నీలి, ఆకుపచ్చ ఛాయలు పైపూతగా వేయుదురు. మఱికొన్నిటిలో బొమ్మచుట్టు రేకును తొలిచి, ఆ సందులలోనుండి మిలమిలలాడునట్లు వెనుక అద్దమువంటి తగడు అమర్చుదురు. అంచున సానబట్టిన ఉక్కు పూసలు బిగించినవి, నల్లని వెల్వెట్టు మీద ఇత్తడి బొమ్మను నిలిపినవి, కొయ్యబిళ్లపై లోహపు బొమ్మను తాపినవి, ఇట్లు రకములు పెక్కు. ఈ యంత్రములకడ కూర్చుండి చేతిపిడిని త్రిప్పుచు, రేకు తఱువాత రేకును అందించినవారిలో ఎక్కువమంది స్త్రీలు, బాలికలు. హారియెట్ మార్టినో 1852లో చార్లెస్ డికెన్స్ నడపిన పత్రికకు బర్మింగ్‌హామ్ గుండీల తయారీని గూర్చి ఒక వ్యాసమే వ్రాసినది. గుండీ పెట్టుకొన్న స్త్రీ పేరు మనకు తెలియనట్లే, గుండీ ఒత్తిన స్త్రీ పేరును తెలియదు. అచ్చు చెక్కిన శిల్పి పేరు సైతము నూటికి తొంబదిపాళ్లు తెలియదు.

పారిస్‌లో ఆల్బేర్ పరాన్ కంపెనీ మొదలైనవారు ఈ బొమ్మలకు నాజూకు చేకూర్చిరి. వారి నమూనా పుస్తకములు, అట్టలపై వరుసలుగా గుండీలు కుట్టిన బరువైన సంపుటములు, నేడు సేకర్తల కలలలోకి వచ్చు వస్తువులు. జర్మనీలో వెస్ట్‌ఫాలియా ప్రాంతపు లూడెన్‌షైడ్ పట్టణము తరతరములుగా లోహపు గుండీల మీద బ్రదికినది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రపు వాటర్‌బరీని ఇత్తడి నగరమని పిలుతురు. అచ్చట గుండీల పరిశ్రమ పెద్దదై, ఇప్పుడు ఆ ఊరి మాటటక్ మ్యూజియములో వేలకొలది గుండీలు ప్రదర్శింపబడుచున్నవి.

జోన్, హంసవీరుడు, విదూషకుడు

మధ్యయుగపు బొమ్మగుండీలలో జోన్ ఆఫ్ ఆర్క్ అగ్రస్థానము ఆక్రమించినది. దీనికి కారణము భక్తి మాత్రము కాదు. 1870 - 71 యుద్ధములో ప్రష్యా చేతిలో ఓడిన ఫ్రాన్సు, ఆల్సాసును, లొరేన్‌లో కొంత భాగమును పోగొట్టుకొన్నది. జోన్ పుట్టిన దొంరెమీ గ్రామము లొరేన్ సరిహద్దులోనిది. ప్రౌఢదేవరాయలు విజయనగరము నేలుచుండగా, ఆయన కొలువులో శ్రీనాథుడు కనకాభిషేకము పొందిన కాలమునకు సుమారుగా సరితూగు 1429వ సంవత్సరమున ఓర్లియాన్స్ ముట్టడిని విడిపించిన ఈ రైతుబిడ్డ, నాలుగున్నర శతాబ్దములు గడచిన పిమ్మట పరాజితుల గుండెలలో మరల గుఱ్ఱమెక్కినది. 1874లో పారిస్ నడిబొడ్డున ఫ్రెమియె మలచిన ఆమె అశ్వారూఢ విగ్రహము వెలసినది. రాచరికమును కోరువారు ఆమె తమదనిరి, ప్రజాప్రభుత్వ వాదులు తమదనిరి, చర్చివారు తమదనిరి. 1909లో ధన్యురాలిగాను, 1920లో పునీతగాను రోము ఆమెను ప్రకటించినది. ఇన్ని పక్షములవారు పోట్లాడుకొన్న వ్యక్తిని గుండీ చేసి అమ్మినవాడు అందఱికిని అమ్మగలిగెను. అందుచేతనే జోన్ గుండీలు విరివిగా దొరకును, పక్కచూపు ముఖములు, కవచముతో ప్రార్థించునవి, ధ్వజమెత్తినవి. ఒక్క జోన్ గుండీలతోనే అట్టలు నింపుకొన్న సేకర్తలు కలరు.

ఈమెకు ఎదురుగా నిలుచువాడు హంస లాగు పడవలో వచ్చిన లోహెంగ్రిన్. పేరు అడుగరాదని నియమము పెట్టి, ఆపదలోనున్న రాకుమారిని రక్షించి, ఆమె అడుగగానే విడిచిపోయిన ఈ వీరుని కథను వాగ్నరు సంగీతనాటకముగా కూర్చగా 1850లో వైమార్ నగరమున తొలిసారి ప్రదర్శింపబడినది. 1887 మే నెలలో పారిస్‌లో దానిని ఆడించినప్పుడు జర్మనుల నాటకము మనకేలయని వీథిలో అల్లరి చెలరేగి, ఒక్క ప్రదర్శనముతో తెర దించవలసివచ్చినది; నాలుగేండ్లకు పారిస్ ఒపేరాలోనే అది జయప్రదమైనది. సరిహద్దుకు ఇరువైపుల తుపాకులు నూనె పట్టించుకొని సిద్ధముగా నున్న ఆ దినములలో జోన్ గుండీయు లోహెంగ్రిన్ గుండీయు ఒకే తీరు అచ్చులలో, ఒకే ఇత్తడితో పుట్టి, నేడు అమెరికాలో ఏ ముసలమ్మ అట్టమీదనో పక్కపక్కన ఒదిగియున్నవి.

స్విట్జర్లండు వీరుడు విలియం టెల్ సంగతి మఱియొక విధము. కొడుకు తలమీది ఆపిలు పండును బాణముతో కొట్టిన ఈతని కథ 1307 నాటిదని చెప్పుదురు. దానిని తొలుత గ్రంథమున కెక్కించినది 1470 ప్రాంతపు సార్నెన్ శ్వేతగ్రంథము. నడుమ నూటయరువది యేండ్లు మౌనము. చరిత్రకారులకు ఈతడు పుట్టెనా యన్నదే సందేహము. 1804లో షిల్లర్ నాటకమును, 1829లో రొస్సీని సంగీతమును విన్నవారికి ఆ సందేహమే లేదు. గుండీవాడు చరిత్రకారుని అడుగలేదు, నాటకశాలకు పోయెను. ఈ మాట తక్కిన బొమ్మలకును చెల్లును. పన్నెండవ శతాబ్దమున క్రూసేడు యుద్ధములకు పోయినవాడు గొలుసుల అంగీ తొడుగుకొనెడివాడు. గుండీమీద అతనికి మూడు వందల యేండ్ల తరువాతి పలకల కవచము తొడిగించినను అడిగినవాడు లేడు. పండితుడు దీనిని తప్పు అనును. తప్పే, కాని ఆ తప్పులోనే గుండీ పుట్టిన తేదీ దాగియున్నది, కావున సేకర్త దానిని చూచి సంతోషించును.

పేరుగల వీరులకంటె పేరులేని జనులే నాకు ఎక్కువ ప్రీతి. మణికట్టుపై డేగను నిలుపుకొని గుఱ్ఱముపై వేటకు పోవు దొరసాని, గవాక్షము క్రింద తంత్రీవాద్యము సవరించుకొను గాయకుడు, వేటకుక్క మెడపై చేయివేసి నిలిచిన కొలువు కుఱ్ఱడు, గంటల టోపీ పెట్టుకొని పండ్లు బయటపెట్టి నవ్వు విదూషకుడు, వంతెన ఎత్తివేసిన కోట. వీరికి కథ లేదు. కథను చూచువారు కల్పించుకొనవలెను. కులచిహ్నములలోని రెక్కల సింహములు, కలువపూవులు, రెండు తలల గ్రద్దలు చెక్కిన గుండీలకు లెక్కయే లేదు గాని, ఒక వంద చూచునప్పటికి విసుగు పుట్టును. వానిని నేను ఇక్కడనే వదలివేయుచున్నాను.

వేయవ గుండీ

1870 మొదలు 1914 వఱకు ఈ బొమ్మగుండీలకు స్వర్ణయుగము. ఆడువారి రవికలు కంఠమునుండి నడుము దాక ముందువైపున గుండీలతో బిగించుట వేడుకగా నుండిన కాలమది. తరువాత పెద్ద కోటులకు పెద్ద గుండీలు వచ్చినవి. యుద్ధము వచ్చుటతో ఇత్తడి ఫిరంగిగుండ్ల తొడుగులకు పోయినది. శాంతి కుదిరిన పిమ్మట బట్టల తీరు మాఱినది, ప్లాస్టికులు వచ్చినవి, జిప్పు వచ్చినది. వీరుడు గుండీ మీదినుండి దిగిపోయెను. అమెరికా సేకర్తల సంఘము 1918ని గీతగా గీసి, అంతకు పూర్వపువానిని ఒక విభాగముగాను, తరువాతివానిని మఱియొక విభాగముగాను పోటీలలో వేఱుచేయుటకు ఇదియే హేతువు.

సేకరణ మాత్రము ఆ సంఘముకంటె పాతది. విక్టోరియా కాలపు అమెరికా బాలికలు గుండీలను దారమునకు గ్రుచ్చి దండలు కట్టెడివారు. నియమములు కఠినము: గుండీని కొనరాదు, ఒకరు ఇయ్యవలెను లేదా మాఱకము పెట్టుకొనవలెను; ఒకే మాదిరివి రెండు ఉండరాదు. 999 గుండీలు చేరినచో వేయవ గుండీని తెచ్చువాడే ఆమెకు వరుడని నమ్మకము. కొన్ని ఊళ్లలో కథ తలక్రిందై, వేయవ గుండీని తానే గ్రుచ్చుకొన్న పిల్ల కన్యగానే మిగులునని భయపెట్టెడివారట. వేయి నిండిన దండ యేదియు దొరకుట లేదని కాదు గాని, నిండని దండలే ఎక్కువ. పెండ్లి లెక్కకు ముందే వచ్చియుండును.

ఆర్థికమాంద్యము అమెరికాను పీడించిన దశాబ్దమున, డబ్బు లేక తీరిక మాత్రమున్న జనులకు అమ్మమ్మల కుట్టుపెట్టెలు నిధులైనవి. 1938లో జాతీయ గుండీల సంఘము ఏర్పడినది; బ్రిటిషు సంఘము 1976లో గాని రాలేదు. సంఘము రాగానే శాస్త్రము వచ్చినది. ముప్పాతిక అంగుళము వఱకు చిన్నది, అక్కడినుండి ఒకటింబావు వఱకు నడిమి తరగతి, ఆపైన పెద్దది; అంగుళములో మూడు ఎనిమిదవ వంతులు దాటనిది అతిసూక్ష్మము. తొమ్మిది అంగుళముల వెడల్పు, పండ్రెండు అంగుళముల పొడవు గల అట్టమీద వరుసలు తప్పక అమర్చవలెను. పరీక్షకులు మార్కులు వేయుదురు. ఇంత పట్టింపు ఏలయని నాకు మొదట అనిపించినది గాని, ఒక అట్టమీద జోన్ గుండీలు ముప్పది పక్కపక్కన చూచినచో, ఒకే ముఖమును ముప్పదిమంది శిల్పులు ఎట్లు వేఱువేఱుగా ఊహించిరో అప్పుడే తెలియును. పెట్టెలో కలగాపులగముగా పడియున్నప్పుడు తెలియదు. ఫ్రెంచి ప్రభుత్వము 2011లో లోయిక్ అలియో అను సేకర్త గుండీలను జాతీయ వారసత్వపు విలువ గలవిగా గుర్తించినది. ఆ మూడు వేలకు పైబడిన గుండీలను 2015లో పారిస్ అలంకారకళల మ్యూజియము ప్రదర్శించినప్పుడు, గుండీ ఎట్టకేలకు కుట్టుపెట్టెను దాటి అద్దపు బీరువా చేరినది.

వెనుకవైపు చూడుడు

క్రొత్తగా ఈ వ్యాసంగమున ప్రవేశింపదలచినవారికి పెద్దలు చెప్పు మొదటి పాఠము, బొమ్మను చూచుటకు ముందు వీపును చూడుమని. పాత గుండీకి అంచు మడత స్పష్టముగా నుండును, కొక్కెము తీగతో చేసినదై యుండును, లోహము సహజముగా ఛాయ మాఱియుండును. పాత అచ్చులనే సంపాదించి క్రొత్తగా ఒత్తినవి, పాత గుండీకి ముద్ర తీసి పోతపోసినవి బజారులో పుష్కలముగా కలవు. పోతపోసినవానిలో కనురెప్పలు, గొలుసు కడియములు మొద్దుబాఱియుండును, అరచేత పెట్టుకొన్నచో పాతదానికంటె బరువు తోచును. ఫ్రెంచిలో ‘దెపోజె’ యని ముద్రయున్నచో నమూనా రిజిస్టరు చేయింపబడినదని మాత్రమే అర్థము. అది చేసినవాని పేరు కాదు. అయస్కాంతము దగ్గఱకు తెచ్చినచో ఇత్తడి ముఖము వెనుక దాగిన ఇనుపరేకు బయటపడును, ఇది దోషము కాదు, ఆ కాలపు పొదుపు. కొక్కెమును కత్తిరించి సూదిబిళ్లగా మార్చిన గుండీకి విలువ పడిపోవును. ధర విషయమున భయపడనక్కఱలేదు. 18వ శతాబ్దపు మీనాకారీ గుండీలు ధనికుల సొత్తుగాని, నడిమి తరగతి ఇత్తడి బొమ్మగుండీలను సామాన్యుడు నేటికిని కొనగలడు.

భద్రపఱచుటలో ఒక్క శత్రువును గుర్తుంచుకొనవలెను: సెల్యులాయిడు. ఆ పాత ప్లాస్టికు గుండీలు ముదిసినకొలది ఆమ్లపు ఆవిరిని విడుచును. అదే పెట్టెలో నున్న ఇత్తడి, ఉక్కు గుండీలను ఆ ఆవిరి తినివేయును. రెంటిని ఒకచోట ఉంచరాదు. తేమ తగులనీయక, ఆమ్లము లేని అట్టలపై నుంచి, మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపిన చాలును.

మన ఇండ్లలో జోన్ గుండీలు దొరకునని ఆశ పెట్టను. కాని హైదరాబాదు షేర్వాణీల బొత్తాముల జతలు, సంస్థానముల కొలువుకాండ్ర దుస్తుల ఇత్తడి బొత్తాములు, నిజాము రైల్వే మొదలైన కొలువుల యూనిఫారముల గుండీలు తాతలనాటి ట్రంకుపెట్టెల అడుగున ఇంకను పడియుండు ఇండ్లు లేకపోలేదు. ఆ యూనిఫారపు గుండీలలో పెక్కు ఇంగ్లండు కర్మాగారములలోనే, ఈ బొమ్మగుండీలను ఒత్తిన యంత్రముల వంటి యంత్రములపైననే, తయారై ఓడలలో వచ్చినవి. అట్టివి మీకు దొరకినచో పాత ఇత్తడి క్రింద తూకమునకు వేయకుడు. చెంబులను తోమినట్లు చింతపండుతో తోమకుడు; అది ఆ నలుపును, ఛాయను, నూఱేండ్ల వయస్సును ఒక్క నిముషములో కడిగివేయును. ముందు వెనుకకు త్రిప్పి, భూతద్దము పట్టి, అచ్చట ఏమి వ్రాసియున్నదో చదువుడు. ఎవరి కోటుదో, ఏ ఊరిదో ఇంటిలోని పెద్దవారిని అడిగి ఒక చీటీమీద వ్రాసి గుండీతోపాటు దాచుడు.